కీచురాళ్లకు క్యారెట్

ఒరే తమ్ముడూ,

పది రోజులు నీ పెంపుడు బల్లిని చూసుకోమన్నావు, సరేనన్నాను. దాని మేతకని వంద కీచురాళ్ల డబ్బా అంటగట్టావు, నోరు మూసుకున్నాను. "వాటికి రోజూ క్యారెట్ ముక్కలు వెయ్యక్కా" అని డబ్బా మీద రాసి అంటించావు చూడు, అక్కడ నాకు ఒళ్లు మండింది. రేపు బల్లి నోట్లో పడేవాటికి ఇవాళ విందా? వెయ్యలేదు.

మూడో రోజు పది కీచురాళ్లని బల్లి ముందు వదిలాను. అది ఒక్కదాన్నీ ముట్టలేదు. ఆకలి మీదున్న అవే దాని తోక కొరికి పెట్టాయి! పశువుల డాక్టరు దగ్గరికి పట్టుకెళ్తే ఆయన నన్ను ఎగాదిగా చూసి, "కీచురాళ్లకి తిండి పెట్టలేదామ్మా?" అన్నాడు. నలుగురిలో తల తీసేసినట్టయింది.

ఇప్పుడు మీ బావ కాఫీ కంటే ముందు వాటికే క్యారెట్ తరుగుతున్నాను. బల్లేమో వాటి చప్పుడు వింటే చాలు, నా కొంగులో దూరుతోంది. ఎవరు ఎవరికి మేతో వచ్చి దానికి నువ్వే చెప్పుకో!

కోపం చల్లారని
మీ అక్క