రిజిస్టర్‌లో పదకొండు రోజులు

దోహా
9 ఏప్రిల్ 2021

నా మాలతికి,

ఈ మాట ఫోన్‌లో చెప్పబోయి, మూడుసార్లూ బోరులో నీళ్ళ గురించి అడిగి పెట్టేశాను. అందుకే రాసి, సెలవు మీద వస్తున్న జలంధర్ చేతికి ఇస్తున్నాను.

నీ తమ్ముడు నర్సింగ్ తప్పేమీ లేదు. వరల్డ్ కప్ రోడ్డు పనిలో మేస్త్రీగా వాడు తెచ్చిన మనుషులు పదకొండు రోజులు పని మానేశారన్నది అబద్ధం. ఆ రోజుల్లో మా పెద్ద కంపెనీ ఇనుము తెప్పించలేదు. మన ఊరి ముప్పైఇద్దరూ రోజూ వచ్చి ఊరికే కూర్చున్నారు. సైట్‌లో ఏ రోజు ఏం జరిగిందో రిజిస్టర్‌లో రాసేది నేనే కదా. "లేబర్ నై ఆయా, లిఖో" అన్నాడు ఇంజనీర్ ముఖ్తార్ సాబ్. మనుషులు రాలేదని రాశాను. సంతకం పెట్టి బీరువాలో పడేసే పుస్తకం, ఎవరు చదువుతారులే అనుకున్నాను. పదకొండు రోజులూ అలాగే రాశాను.

కోర్టు చదివింది. నర్సింగ్‌ను పనికి తెచ్చిన చిన్న కంపెనీ, బిల్లు ఆపారని మా కంపెనీ మీద ఇక్కడి అంతర్జాతీయ వాణిజ్య కోర్టుకు పోయి, నా రాత వల్లనే ఓడిపోయింది. అందరి జీతాలూ ఆగాయి. పని ఆపించి అందరి నోట్లో మట్టి కొట్టాడని ఊరంతా నర్సింగ్‌ను తిట్టింది. నువ్వూ వాడితో మాట మానేశావు. నేను విని ఊరుకున్నాను.

ముషైరిబ్ బజారులో ఆ తీర్పు ప్రింటు తీయించుకున్నాను. బడిలో నేర్వని ఇంగ్లీషు నాది. డిక్షనరీ పక్కన పెట్టుకుని ఆరు శుక్రవారాలు చదివాను. ఒకచోట ఆగిపోయాను. పని పోయి ఊరు చేరాక, అక్కడి నుంచి వీడియోలో చిన్న కంపెనీ తరఫున సాక్ష్యం చెప్పిన నర్సింగ్‌ను, రిజిస్టర్ తప్పా అని అడిగారట. కాదన్నాడట. ఎందుకన్నావని వాడిని అడిగే ముఖం నాకు లేదు.

చిన్న కంపెనీ అప్పీల్ వేసింది. అల్ సద్ పేటలో ఉండే వాళ్ళ లాయర్ సుకుమారి గారికి అంతా చెప్పాను. ఆమెది గోదావరి వైపు. "అప్పీల్లో కొత్త సాక్ష్యం ఊరికే తీసుకోరండీ. మీ ఉద్యోగం మాత్రం ముందే పోద్ది. ఇంట్లో అడిగి చెప్పండి" అంది. నువ్వు వద్దంటే ఆగిపోతానేమోనని, అడగకుండానే సాక్ష్యం కాగితం మీద సంతకం పెట్టాను.

నీ రాజనర్సు


దోహా
21 అక్టోబర్ 2021

మాలతీ,

నా సాక్ష్యం తీసుకున్నారు. ముగ్గురు జడ్జీలు. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని ఒకాయన అడిగాడు. ముఖ్తార్ సాబ్ పేరు నోటిదాకా వచ్చింది. నౌకరి పోతుందని భయపడి దాక్కున్నాను అని మాత్రం చెప్పాను.

తరువాత నర్సింగ్ తెర మీదకు వచ్చాడు. రిజిస్టర్ సరైనదేనని అప్పుడెందుకన్నావని మా కంపెనీ లాయర్ నిలదీశాడు. వాడు చెప్పాడు:

"తప్పని నాకెరుకే సార్. రాసింది మా బావ. ఆయన నౌకరి పోతే మా అక్క ఇంట్ల పొయ్యి ఎట్ల మండుతది?"

దుబాసీ ఆ మాటను ఇంగ్లీషులో చెబుతున్నంతసేపు నేను బల్లనే చూశాను. అన్నాళ్ళూ నువ్వు పలకరించని వాడు, మన పొయ్యిని కాచాడు.

మొదటి తీర్పు కొట్టేశారు. కేసు మళ్ళీ వింటారు. జీతాలు వస్తాయో లేదో చెప్పలేను. నా నౌకరీ పోయింది. వచ్చే వారం బయలుదేరతాను. ఈ ఉత్తరం రేపే ఊరికి వస్తున్న మనిషి చేత పంపుతున్నాను.

నేను వచ్చేదాకా ఆగకు. ఈ రెండు ఉత్తరాలూ పట్టుకుని ముందు నర్సింగ్ దగ్గరకు, తరువాత వాడిని వెంటబెట్టుకుని ఆ ముప్పైఇద్దరి ఇళ్ళకూ పో. చదివి వినిపించు. నా పేరు వచ్చినచోట గొంతు తగ్గించకు.

రాజనర్సు