సాంచాల సప్పుడు

మంగళవారం, గోడాదరా

మా బాపుకు కొన్న కొత్త ఫోన్‌లో, చుట్టూ ఉన్న రొదను తీసేసి గొంతు మాత్రమే వినిపించే సెట్టింగ్ ఉంది. గొప్పగా ఆన్ చేసి ఇచ్చాను. మధ్యాహ్నం సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిచే కార్ఖానా నుంచి బాపు ఫోన్ చేస్తే అమ్మ హడలిపోయింది.

"సాంచాల సప్పుడేది? పనికి పోలేదా? పానం మంచిగ లేదా?"

"సాంచాల నడుమనే ఉన్ననే!" అని బాపు అన్నా నమ్మలేదు.

నా చిన్నప్పుడు కీప్యాడ్ ఫోన్‌లో ఆ హోరుకు ఒకరి మాట ఒకరికి అందేది కాదు. బాపు అరిచేవాడు, మేమూ అరిచేవాళ్లం. హోరు వినిపిస్తే చాలు, అమ్మకు ధైర్యం. ఫోన్ల గురించి ఊరందరికీ పాఠాలు చెప్పే నాకు ఇది తట్టలేదు.

సాయంత్రం కార్ఖానాకు వెళ్లి, ఆ సెట్టింగ్ తీసేసి, బాపుతో అమ్మకు ఫోన్ చేయించాను.

ఇంటికి రాగానే అమ్మ అంది: "ఒక్క ముక్క ఇనవడలే బిడ్డా. గిప్పుడు మంచిగుంది."