వైసు మోగాలి బావా

ఆదివారం, మధ్యాహ్నం భోజనాలయ్యాక

లేదు బావా, నేను అలగలేదు. మీరు అడిగారని కాదు, మీరు అడగరు కూడా. ఫోన్ చేసినా అక్కనే అడుగుతారు వాడెలా ఉన్నాడని, నేనేదో గుమ్మం పక్కన పెట్టిన పూలకుండీ అయినట్టు. అందుకే ముందే చెప్పేస్తున్నాను.

ఇప్పుడు పద్ధతిగా మొదలెడతాను. పూజ్యులైన బావగారికి మీ బావమరిది నమస్కరించి రాసేది ఏమంటే, ఇక్కడ అక్కా నేనూ క్షేమం. అక్కడ మీరూ క్షేమమే అయ్యుంటారు, మీకేమవుతుంది. పెద్దవాళ్ళకి ఇలా రాస్తే సంతోషిస్తారని అక్క ఎప్పుడో చెప్పింది. ఆరో క్లాసులో బడి మానేసినా ఈపాటి మర్యాద నాకూ వచ్చు. మనిషి ఎదురుగా ఉంటే నాకు నోరు పెగలదని మీకు తెలుసు. ఫోన్లో రాస్తే మాత్రం ఆగదు. చదవండి.

విషయం ఆ వైసు, అదే, గాలాన్ని దవడల మధ్య కదలకుండా బిగించి పట్టే ఇనప పనిముట్టు. పోయిన ఆదివారం మీరు వచ్చి కొనిపెట్టారే, అది.

అసలు మీరు జాలిపడటంతో మొదలైంది. పట్టకారు పిడులకి రబ్బరు బ్యాండు చుట్టి, దాని మూతిలో గాలం ఇరికించి, మోకాళ్ళ మధ్య పెట్టుకుని ఈగ కడుతున్నాను. మీరు గుమ్మంలో నిలబడి, అయ్యో, ఇలాగా కట్టేది అన్నారు. ఇలాగే బావా. గాలానికి ఈకా దారం చుట్టి పురుగులా చేస్తే చేప నమ్మి మింగుతుంది, అంతే పని. ఏట్లోకి జనాన్ని వేటకి తీసుకెళ్ళే పడవ తాత రెండేళ్ళుగా నా దగ్గర పట్టుకెళ్ళేవన్నీ ఆ మోకాళ్ళ మధ్య పుట్టినవే. ఇదంతా అక్క మీకు ఓపిగ్గా చెప్పింది. అంతా విని మీరేమో, ప్లాస్టిక్ పురుగులు దొరుకుతాయి కదే బజార్లో అన్నారు. అక్క నావైపు చూసి నవ్వు మింగేసింది. నాకు నవ్వు రాలేదు.

గాలాల షాపులో మీ వాలకం తలుచుకుంటే ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతాయి. షాపాయన వైసులు తీసి గాజు బల్ల మీద వరసగా పెట్టాడు. మీరు ఒక్కోదాన్నీ చేత్తో ఎత్తి బరువు చూశారు, పుచ్చకాయలు బేరం చేస్తున్నట్టు. ఆఖరికి ఆ తళతళలాడేదాని తల పట్టుకుని గిర్రున తిప్పారు. అది తిరిగింది. మీ మొహం వెలిగిపోయింది. షాపాయన వెంటనే, సార్‌కి వస్తువు తెలుసు, ఇది అనుభవం ఉన్నవాళ్ళు ఏరుకునే సరుకు అన్నాడు. మీరు ఛాతీ పొంగించి నావైపు తిరిగి, ఏరా, తిరుగుతోంది చూశావా అన్నారు. చూశాను బావా. మా ఫ్యాను కూడా తిరుగుతుంది. దానికి గాలం బిగించుకోం.

రోజంతా టైల్స్ అమ్మీ అమ్మీ మీకు మెరిసేదంతా మంచిదే అనిపిస్తుంది కాబోలు. వైసుని ఎలా చూడాలో ఇప్పుడైనా వినండి. అన్నిటికన్నా చిన్న గాలం తీసుకుని దవడల మధ్య బిగించాలి. దాన్ని గోటితో మీటాలి. టింగుమని మోగితే పట్టు ఉన్నట్టు. టప్పుమంటే లేనట్టు. తర్వాత వేలితో నొక్కాలి. గాలం వంగాలి గానీ దవడల్లోంచి కదలకూడదు. ఇంతే చూడాల్సింది. రంగూ తిరుగుడూ తర్వాత సంగతి. ఆ రోజు నా చొక్కా జేబులో గాలం ఉంది. తీసి చూపిద్దామనే అనుకున్నాను. మీ మాటకీ మాటకీ మధ్య వేలు పెట్టే సందు కూడా దొరకలేదు. ఈలోపే మీరు ప్యాక్ చేయించేశారు.

ఇంటికొచ్చి బోర్లించిన బకెట్ మీద పెట్టి పని మొదలెట్టాను. పైన పటారం, లోన లొటారం. దారం కాస్త గట్టిగా లాగితే చాలు, గాలం తల వాల్చేసేది. బడిలో నిద్రపోయే పిల్లాడిలాగ. తాతకి మర్నాడు ఇవ్వాల్సినవి సగం పాడైపోయాయి. ఈకలు చీలిపోయాయి, దారం వదులైపోయింది. తాత వచ్చి ఒకటి వెలుతురులో పెట్టి చూసి, ఇది పురుగా, దిష్టిబొమ్మా అన్నాడు. ఆ మెరిసేదాన్ని కూడా చూశాడు. ఎవరిచ్చార్రా అని అడిగితే బావ అన్నాను. మీ బావ మంచివాడేరా, దీనికన్నా నీ మోకాళ్ళే నయం అన్నాడు. మంచివాడు అన్నదాన్ని మీరు పట్టుకుని వేలాడకండి. తాత అందర్నీ అంటాడు.

అది లంచమని నాకు తెలుసు బావా. పెళ్ళై ఇన్నాళ్ళైనా అక్క మీ దగ్గరికి కాపురానికి రాలేదంటే నా మూలానే. వాడొస్తేనే వస్తాను అని కూర్చుంది. నేను అవుననను, కాదనను. మీరు బస్సెక్కుతూ, నీ ఇష్టంరా, తొందరేం లేదు అన్నారు. తొందర లేనివాడు వారం విడిచి వారం బస్సులో నడుం విరగ్గొట్టుకుని రాడు. అబద్ధం ఆడటం కూడా చేతకాదు మీకు. మీ టైల్స్ షాపులో ఎలా అమ్ముతారో.

పక్కింటి పిన్ని మొన్న కిటికీలోంచే అంది, కొత్త కాపురంలో నువ్వెందుకురా పానకంలో పుడకలాగ అని. అక్క లేచి వెళ్ళి ఆవిడ మొహం మీదే కిటికీ రెక్క వేసేసింది. తాత మాత్రం వేరే దారి చెప్పాడు. మీ అక్కని పంపించెయ్యి, పడవల షెడ్డులో నాతోపాటు పడుకో, పని నా కళ్ళముందే చేసుకో అన్నాడు. షెడ్డులో తారు వాసన. తాత గురక. అయినా అక్కడ నేనెవరికీ అడ్డం కాదు. ఎవరూ నన్ను చూసి గొంతు తగ్గించి మాట్లాడుకోరు. మీ ఇంట్లో నాకో గది ఇస్తామన్నారు, అందులో మిగిలిపోయిన టైల్స్ ముక్కలన్నీ వేయించామన్నారు. ఆ రంగులన్నీ ఒకచోట చూసి ఎవరైనా నిద్రపోగలరా అని మీకు తోచనే లేదు.

నిన్న నేనొక్కణ్ణే షాపుకి వెళ్ళాను. ఉన్నవాళ్ళంతా వెళ్ళేదాకా ఎదురుగా టైర్ల కొట్టు దగ్గర నిలబడ్డాను. లోపలికెళ్ళగానే షాపాయన, సార్ రాలేదా అన్నాడు. తల అడ్డంగా ఊపాను. మీ వైసు గాజు మీద పెట్టి, గాలం బిగించి మీటాను. టప్పుమంది. ఆయన, కింద పడేసుంటావు అన్నాడు. పడేయలేదు, ఇది పుట్టుకతోనే ఇంత అన్నాను. నోట్లోంచి మాట వచ్చేసరికి ఆయనకన్నా నేనే ఎక్కువ బిత్తరపోయాను. ఆయన, అయితే నువ్వే ఏరుకో, కావలసింది ఏదో అని టీ గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు.

ఉన్నవన్నీ దించి మీటుతూ పోయాను. టప్పు. టప్పు. ఆయనకి విసుగొచ్చి, ఏం తమ్ముడూ, కచేరీ ఇంకా ఎంతసేపు అన్నాడు. అడుగు అరలో దుమ్ము పట్టిన నల్లటిది ఉంది. రంగు పెచ్చులూడింది, తల తిరగదు, మెరవదు. మీరైతే చేత్తో కూడా ముట్టుకోరు. అది ఒక్కటే మోగింది. గాలం నొక్కితే వంగింది గానీ కదల్లేదు. దానికే మార్చుకుని వచ్చేశాను. షాపాయన, మీ బావకి కోపం రాదూ అన్నాడు. రానీ. మీకు కోపమొస్తే ఎలా ఉంటారో నేనింకా చూడలేదు, అదీ మెత్తగానే ఉంటుందేమో.

ఇక ఉంటాను. ఇంత రాస్తే కింద బొటనవేలి బొమ్మ ఒకటి పెట్టి వదిలేస్తారని తెలుసు. పెట్టకండి. అక్కకి చూపించకండి.

ఇట్లు,
మీరు జాలిపడ్డ మోకాళ్ళవాడు

తా.క. ఒక్కటే మోగిందని పైన రాశాను. రెండు మోగాయి. రెండోది నల్లదే, కానీ దాని కింద బరువైన ఇనప పలక ఉంది. బకెట్ మీద నిలబడుతుంది, పడవ చెక్క మీద నిలబడుతుంది, షెడ్డులో నేలమీద పెట్టినా నిలబడుతుంది. అలాంటిదే తెచ్చుకుందామని వెళ్ళాను. చేతిలోకి కూడా తీసుకున్నాను. మళ్ళీ అరలో పెట్టేశాను. తెచ్చినదానికి పలక లేదు, కింద బిగింపు ఉంది. బల్ల అంచుని కరుచుకుంటేనే నిలబడుతుంది. ఇక్కడ మాకు బల్ల లేదు, షెడ్డులోనూ లేదు, అందుకని నిన్నటినుంచి డబ్బాలోనే పడి ఉంది. ఆ గదిలో నాకు బల్ల వేయిస్తే, దాని అంచు ఎంత మందం పెట్టిస్తారు బావా?