మా పాప మైక్ కాస్త పెంచమ్మా

అంజయ్య అంకుల్‌కి నమస్కారం.

ఈ ఉగాది ప్రోగ్రామ్‌కి సౌండ్ అబెనా చూసుకుంటుందంటే, "తెలుగు రాని పిల్లకి మన పాటలేం తెలుస్తాయమ్మా?" అన్నారు మీరు ఫోన్‌లో. దానికి జవాబుగానే ఇది రాస్తున్నాను.

అబెనాది ఘానా. అక్కడి సంగీత రంగంలో ఆడవాళ్లకి ఉద్యోగాలు రావాలని నడిపే శిక్షణలో సౌండ్ మిక్సింగ్ నేర్చుకుంది. ఇప్పుడు అమెరికా వచ్చి, మన ఇర్వింగ్‌లో నా దగ్గర ప్రాక్టీస్ చేస్తోంది. ఒక్క పెద్ద షో సొంతంగా నడిపితే వాళ్ల రాజధాని అక్రాలో ఉద్యోగం ఖాయం.

పోయినేడు పిల్లల బృందగానం గుర్తుందా? పాట మధ్యలో తల్లులూ తండ్రులూ ఒక్కొక్కరే సౌండ్ బోర్డు దగ్గరికొచ్చి, "మా పాప మైక్ కాస్త పెంచమ్మా" అన్నారు. మనవాళ్లే కదా అని అందరివీ పెంచాం. హాలంతా కీచుమంది, ఏ పిల్లా వినపడలేదు. మన తెలుగు సంఘం ప్రెసిడెంట్ కాబట్టి మీరొక్కరే అడగడానికి మొహమాటపడ్డారు.

నిన్న రిహార్సల్‌లో అబెనా కళ్లు మూసుకుని విని, "వెనక వరుసలో ఒక చక్కటి గొంతు అణిగిపోతోంది" అంటూ ఆ మైక్ సరిచేసింది. అది మీ మనవరాలు అనిక గొంతు, అంకుల్.

ఆ సంగతి అబెనాకి తెలియదు. ఉగాది అయ్యేదాకా మీరూ చెప్పకండి.