ఆకుపచ్చ మెట్ల గుర్తు

ఆదివారం, కొట్టు కడిగిన తరువాత

అమ్మాయికి,

కోళ్ళకొట్టు ఆవిడ రాసేది. ఉత్తరం మొదట్లో ఇక్కడ మేము క్షేమం, అక్కడ మీరు క్షేమమని తలుస్తాను అని రాయాలని ఐదో తరగతిలో మా పంతులమ్మ నేర్పింది. ఆ తరువాత నేను బడికి పోలేదు. క్షేమం లేనివాళ్ళు ఎలా మొదలుపెట్టాలో ఆరో తరగతిలో చెబుతారేమో. నీ కళ్ళద్దాలు బాగుచేయించుకున్నావా? ఆ మాట అడిగే మొదలుపెడతాను. వాటిని తొక్కింది నా కాలే.

రేపు పదకొండు గంటలకు విచారణ. నా కూతురు ఆడిన ఆట కంపెనీలో, ఆడేవాళ్ళు ఒకరినొకరు అనుకునే మాటలు చదివి, ఏవి ఉంచాలో ఏవి తీసేయాలో చూసే ఉద్యోగం నీది. మా ఇంటి గుర్తు దాన్ని చంపినవాడికి నువ్వే చేరవేశావని మా లాయరు నాలుగు పేజీలు రాసి తెచ్చాడు. కింద నా సంతకం పడితే నీకు జైలు ఖాయం అన్నాడు. ఆ కాగితాలు బియ్యం డబ్బా మీద పెట్టి నాలుగు రోజులుగా చుట్టూ తిరుగుతున్నాను. ఆ సంగతే నీకు రాయాలి. కానీ ముందు నా పిల్ల గురించి చెప్పకుండా కలం కదలడం లేదు. కాస్త ఓపిక పట్టు.

దాన్ని అందరూ పుంజు అనే పిలిచేవాళ్ళు. మూడేళ్ళప్పుడు కోళ్ళ బోను ఎక్కి కూసేది. మా పక్క కొట్టు గుడ్ల ఆవిడ, ఇదేమిటే తల్లీ, పెట్ట పుట్టి పుంజులా కూస్తోంది, కొంపకు మంచిది కాదు అనేది. కుయ్యనీవమ్మా, నీ గుడ్లేమీ పగలవులే అనేదాన్ని.

నాకు నోరంటే ఇష్టం అమ్మాయీ. దాని నాన్న నా నోరు మూయించాలని పడని పాట్లు లేవు. ఒకసారి తూకపురాయితో కొడితే కింది పళ్ళు రెండు ఊడి గుమ్మంలో పడ్డాయి. రక్తం ఉమ్మేసి, మిగిలిన పళ్ళతోనే వీధంతా వినపడేలా తిట్టాను. మర్నాడు పిల్లను చంకనేసుకుని వచ్చేశాను. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నాకు మాత్రం నోరు పెద్దదైతేనే ఊరు దారి ఇచ్చింది. మగవాళ్ళ కొట్ల వరసలో కత్తి పట్టి నిలబడ్డానంటే గొంతే కారణం.

మా వరసలో ఒక పద్ధతి ఉంది. ఎవరితోనైనా గొడవ ముదిరితే ఇంటి గుర్తు చెప్పి, దమ్ముంటే ఇంటికి రా అంటాం. ఆ మాటతో గొడవ ఆగిపోతుంది. ఎవరూ రారు. వచ్చినా దారి నడిచేసరికి కోపం సగం అరుగుతుంది. ఒకసారి గుడ్ల ఆవిడే వచ్చింది, చీర దోపుకుని, చేతిలో చెప్పుతో. మెట్లెక్కేసరికి ఆయాసం వచ్చి, ముందు కాసిని మంచినీళ్ళియ్యవే ముండా, తరవాత కొడతాను అంది. నీళ్ళిచ్చాను. తాగి, ఏం గొడవో మరిచిపోయి, పుంజు జడ వేసి వెళ్ళింది.

నా కూతురు మాత్రం పెద్దయ్యాక గొంతు దాచుకుంది. సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్లో పని చేసేది. ఇంటికొస్తే మీ ఆట. నలుగురు ఒక జట్టు, నలుగురు ఇంకో జట్టు, కాల్చుకోవడం, నరుక్కోవడం. ఆటలో కూడా దాని పేరు పుంజే. అందరూ మైకులో అరుచుకుంటుంటే ఇది మాత్రం వేళ్ళతో రాసేది. ఎందుకే మూగమొద్దులా, నాలుగు దులిపెయ్యి అంటే, అమ్మా, అక్కడ ఆడగొంతు వినిపిస్తే ఇక ఆట ఉండదే, అందరూ కలిసి నన్నే ఆడుకుంటారు అంది. నాకు అర్థం కాలేదు. నా కడుపున పుట్టి నోరు కట్టుకోవడమేమిటని తిట్టాను కూడా. పోటీలో గెలిస్తే కంపెనీవాళ్ళు హెడ్‌ఫోను ఇంటికి పంపారు. అలా మా చిరునామా మీ దగ్గరికి వచ్చింది. లాయరు పట్టుకున్న కొస అదే.

ఆ ఆదివారం మధ్యాహ్నం గండ్రగొడ్డలి అని పేరు పెట్టుకున్న వాడొకడు పుంజు చేతిలో వరసగా మూడుసార్లు చచ్చాడు. ఆటలోనే. మూడోసారి ఆటలో పుంజు బొమ్మ వాడి శవం మీద నిలబడి కోడిలా రెక్కలాడించింది, అది నాకు చూపించి పడీ పడీ నవ్వింది. తరువాత వాడు రాయడం మొదలుపెట్టాడు. ఈకలు పీకుతా. మెడ కోస్తా. వస్తున్నా, కాసుకో. పుంజు కంప్లయింటు పెట్టింది. అది నీ దగ్గరికి వచ్చింది. నువ్వు వదిలేశావు.

ఎందుకు వదిలేశావో నీ వాంగ్మూలం లాయరు చదివితే విన్నాను. ఒక్కో కంప్లయింటుకు నీకు పదకొండు సెకన్లు. చంపుతా అనే మాట రోజుకు వేలసార్లు వస్తుంది. ఉట్టి చంపుతా అయితే ఆటమాట, ఉంచాలి. ఫలానా చోటికి వచ్చి చంపుతా అని చోటు కూడా ఉంటే తీసేసి పోలీసులకు చెప్పాలి. వాడి రాతలో చోటు లేదు. అందుకని వదిలేశాను అని చెప్పావు. అది వింటే నా కొట్టు గుర్తొచ్చింది. పొద్దుట నుంచి కోయి, చంపు, మెడ ఉంచు, తల తియ్యి అంటూనే ఉంటారు. ఒక్కసారైనా నా ఒళ్ళు జలదరించిందా? చంపుకునే ఆటలో చంపుతా అన్నవాణ్ణి ఎలా ఏరుతావు?

మంగళవారం నాలుగున్నరకు వాడు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, భుజాన సంచి, పాతికేళ్ళుంటాయి. వరసలో నిలబడ్డాడు కూడా. వంతు వచ్చాక, పుంజు ఇంట్లో ఉందాండీ అని అడిగాడు. బోను నిండా పుంజులే, ఏది కావాలి బాబూ అని ఎవరో అన్నారు. అందరం నవ్వాం. వాడూ నవ్వాడు. ఫోను బాగుచేయించుకోవడానికి దాని కోసం ఇంటికి వచ్చేవాళ్ళు ఉన్నారు. నేను చేతిలో ఉన్న కోడిని కోసి డ్రమ్ములో పడేసి, కత్తి మొద్దు మీద పెట్టి, మెట్లవైపు తిరిగి, పుంజూ, నీకోసం ఎవరో వచ్చారే అని కేక వేశాను.

అది దిగి వచ్చింది. చేతిలో బిస్కెట్ ఉంది. వాడు నా కత్తి తీశాడు.

మొదటి దెబ్బ అడ్డం పెట్టిన చేతికి తగిలింది. అది మెట్ల మీదికి పరిగెత్తింది. ఐదో మెట్టు దగ్గర జుట్టు దొరికించుకున్నాడు. కోడిని కోసేటప్పుడు నేను తల వెనక్కి వంచి బొటనవేలితో గొంతు బిగువు చేస్తాను. వాడు అలాగే చేశాడు. నా పనిని ఎవరో నాకు చూపిస్తున్నట్టు ఉంది. నేను వెళ్ళేసరికి దాని గొంతులోంచి గాలి ఈల వేస్తోంది. నన్ను చూసింది. ఏదో చెప్పబోయింది, మాటకు బదులు నెత్తురు వచ్చింది.

రెండు కిలోల తూకపురాయి నా చేతిలోకి ఎప్పుడు వచ్చిందో తెలియదు. వాడి దవడ మీద కొట్టాను. ఎముక విరిగిన చప్పుడు విన్నాను. మళ్ళీ కొట్టాను. పళ్ళు మెట్ల మీద రాలాయి. ఇంకో దెబ్బకు చెయ్యెత్తితే నలుగురు నన్ను వెనక్కి లాగారు. వాళ్ళను కరిచాను. అప్పుడు కూడా డ్రమ్ములో ఆ కోడి కొట్టుకుంటూనే ఉంది అమ్మాయీ. కోసిన కోడి కొట్టుకోవడం ఆగేలోపల నా పిల్ల అయిపోయింది.

వాడి సంచిలో మంచినీళ్ళ సీసా తప్ప ఏమీ లేదని పోలీసులు చెప్పారు. చంపడానికి వచ్చేవాడు ఉత్తచేతులతో ఎందుకు వచ్చాడో వాళ్ళకు అంతుపట్టలేదు. వాడు నోరు తెరవలేడు. కాగితం ఇస్తే, పుంజు గెలవలేదు అని రాసి కలం కింద పెట్టేశాడట.

మూడో రోజు నువ్వు వచ్చావు. మెడలో ఆఫీసు కార్డు తియ్యకుండానే వచ్చావు, పిచ్చిదానా. కంప్లయింటు చూసి వదిలేసింది నేనేనమ్మా అన్నావు. నేను నీ చెంప మీద కొట్టాను. గుడ్ల ఆవిడ జుట్టు పట్టుకుంది. మా వీధి ఆడవాళ్ళంతా మీద పడ్డారు. నీ పెదవి చిట్లింది, జాకెట్టు చెయ్యి చిరిగింది. మా పిల్లను మింగి ఎందుకొచ్చావే, ఇంకా ఏం మిగిలిందని అని నేను అరుస్తుంటే, మీ గొంతు నాకు తెలుసమ్మా అన్నావు. దెబ్బల మధ్య ఆ ఒక్క మాట అన్నావు. మిగతావాళ్ళు పట్టించుకోలేదు. వీధి వీధంతా తెలిసిన గొంతే కదా అనుకున్నారు.

మర్నాడు మీ ఆఫీసుకు వచ్చాం. గాజు తలుపు పగలగొట్టింది నేనే. మీ పై అధికారి టై సర్దుకుంటూ, కోట్లమంది మాట్లాడుకుంటారమ్మా, అందరి నోళ్ళకూ తాళం వేయలేం, మాట్లాడే హక్కు మనిషికి ఉంటుంది అన్నాడు. వేరేచోట అయితే నేనూ ఆ మాటే అనేదాన్ని. నా పళ్ళు రెండు ఆ హక్కుకే పోయాయి. అప్పుడు మాత్రం, మరి నా పిల్ల గొంతు ఎందుకు దాచుకుంది నాయనా, దాని హక్కు ఎవడు తిన్నాడు అని అడిగాను. సాయంత్రానికల్లా నిన్ను ఉద్యోగంలోంచి తీసేశారు. తప్పంతా ఆ అమ్మాయిదే, సంస్థకు సంబంధం లేదు అని బోర్డు పెట్టారు. ఎక్కడ తేలికగా విరుగుతుందో అక్కడే విరుస్తారు, నేను కోడి కీలు చూసి కొట్టినట్టు.

ఇప్పుడు లాయరు బిగించిన ఉచ్చు ఇది. ఆటలో మైకు మాటలు ఏడు రోజులు ఉంటాయట. నీలాంటివాళ్ళు ఎవరైనా ఉంచమని గుర్తు పెడితే ఉండిపోతాయి, లేకపోతే చెరిగిపోతాయి. పుంజు పోయాక ఆ ఆదివారం మాటలు నువ్వు తెరిచి విన్నావని మీ కంప్యూటరు చెబుతోంది. విని గుర్తు పెట్టలేదు. ఏడో రోజు అవి పోయాయి. ఎందుకు పెట్టలేదని అడిగితే, మరిచిపోయానండీ అన్నావు. చిరునామా ఎలా బయటికి వెళ్ళిందంటే, తెలియదండీ అన్నావు. చూశావా, దాని తప్పు అందులో ఉంది కాబట్టే పోనిచ్చింది అని లాయరు తొడ చరిచాడు.

తాను రాసిన నాలుగో పేజీలో ఒక వాక్యం కింద గీత గీసి ఇచ్చాడు. నా ఇంటి గుర్తు నేను గానీ నా కూతురు గానీ కంపెనీకి తప్ప ఎవరికీ చెప్పి ఉండలేదు. అదొక్కటే చాలు, మిగతాది నేను చూసుకుంటాను, రేపు పదిన్నరకల్లా సంతకం పెట్టి తీసుకురా అక్కా అన్నాడు.

పాత కత్తి పోలీసుల దగ్గరే ఉంది. కొత్తది తెచ్చుకున్నాను. వేరే పని రాదు కదా. ఇవాళ ఆదివారం కాబట్టి చాలా కోశాను. ప్రతి మెడ దగ్గరా చెయ్యి ఒక్క క్షణం ఆగుతోంది. ఏమ్మా, నిద్రపోయావా అని జనం అడుగుతున్నారు. ఐదో మెట్టు ఎంత రుద్దినా రంగు వదిలింది గానీ మరక వదల్లేదు.

నీ పెదవి మానిందా? మీ అమ్మ ఉంటే, ఆమెకు నా దణ్ణాలు చెప్పు. కూతురి ముఖం చూసి ఆమె ఎన్ని తిట్టిందో, అవన్నీ నాకు తగలనీ.

ఇట్లు,
కోళ్ళకొట్టు ఆవిడ,
పుంజు వాళ్ళ అమ్మ.

తా.క. పైన ఒక చోటు దాటేసి రాశాను. ఆ ఆదివారం మూడోసారి గెలిచాక పుంజు తలంటుకోవడానికి వెళ్ళింది. హెడ్‌ఫోను కుర్చీ మీద ఉంది. అందులోంచి, పుంజుగాడి అమ్మ అనే మాట వినపడి చెవికి పెట్టుకున్నాను. ఆ గండ్రగొడ్డలి నన్ను ఏమేం చేస్తానన్నాడో ఇక్కడ రాయను. వెనక ఇద్దరు ముగ్గురు నవ్వుతున్నారు. మైకు మీట ఎక్కడుందో పుంజు ఒకసారి చూపించింది. నొక్కాను. ఒరేయ్, పుంజు మగాడనుకున్నావేమిటిరా, నా కూతురురా, ఆడపిల్ల చేతిలో చచ్చి ఏడుస్తున్నావా అన్నాను. దమ్ముంటే ఇంటికి రారా, రైలు గేటు దాటి నీళ్ళ ట్యాంకు వెనక కోళ్ళకొట్టు, పైకి ఆకుపచ్చ మెట్లు, కత్తి తెచ్చుకోనక్కర్లేదు, నా దగ్గరే ఉంది అన్నాను.

తడి జుట్టుతో వచ్చి పుంజు మైకు లాక్కుంది. ఏం చేశావే అమ్మా అంది. నా ముఖం చూసి, పోనీలే, ఎవడొస్తాడు, వస్తే మంచినీళ్ళిచ్చి పంపుదాం అంది. కంప్లయింటులో నా మాట రాయలేదు, నన్ను తప్పించింది. ఆ తరువాత నువ్వు విన్నావు. వినీ నన్ను తప్పించావు. నేను మాత్రం మిమ్మల్నిద్దరినీ కత్తి కిందికి పిలిచాను.

కాగితాలు తిప్పి చూడు. లాయరు ఇచ్చిన ఆ నాలుగు పేజీల వెనకే ఈ ఉత్తరం రాశాను. రేపు విచారణలో మొదట నుంచి చివరి దాకా గట్టిగా చదివించు. అటువైపు సంతకం చోటు ఖాళీగానే ఉంది. నా సంతకం ఇటువైపు పెట్టాను.