దట్టీలు విప్పిన పీరును మళ్లీ ఎత్తించినవాడి వీలునామా

ప్రకాశం జిల్లా, దర్శి మండలం, చినగుంటపాలెం కాపురస్థుడు, నూర్‌బాషా మస్తాన్ కుమారుడు, యాభై తొమ్మిదేళ్ల బుడాన్ అనే నేను, ఎవరి బలవంతమూ లేకుండా, పూర్తి తెలివితో రాయించిన వీలునామా ఇది. గుండెలో స్టెంటు ఉంది, మతి స్థిమితంగానే ఉంది. భయంగా కూడా ఉంది. ఆ ముక్క దస్తావేజులో ఉండకూడదని రైటరు వీరాంజనేయులు గారు అన్నారు. ఉండాల్సిందేనని నేనన్నాను.

ఎల్లుండి మొహర్రం పదో రోజు. మా సావిడిలో పెద్దపీరును ఎత్తుకుని నేను నిప్పుల గుండం తొక్కబోతున్నాను. ముప్పై ఏళ్లుగా ఆ పీరును ఎత్తింది నా తమ్ముడు అయూబ్. ఈ ఏడు ఎత్తలేడు. అందుకు కారకుణ్ణి నేనే.

1. ఇల్లు, ఎకరం ఇరవై సెంట్ల మిరప చేను షరియతు ప్రకారం ఎవరి వాటా వారికి చెందాలి. అందులో నేను వేలు పెట్టను. నా భార్య జానీబీకి విడిగా ఇచ్చేది, గాలి మోత పడకుండా మైకుకు తను దూది కూరి కుట్టిన తొడుగు. ఎనభై ఆరు వీడియోలు తీశాను, ఒక్కదాంట్లోనూ ఆమె లేదు. "నా మొహం ఎవరు చూస్తార్లే" అంది. నేను బతిమాలి ఉండాల్సింది.

2. పీర్ల పండుగ మీద ఆరేళ్లుగా నేను నడిపిన యూట్యూబ్ ఛానల్ నా కూతురు ఫిజాకు చెందాలి. పీర్ల పాటలు వచ్చిన ముసలివాళ్లు ఒక్కొక్కరే పోతుంటే ఆగలేక, చిలకలూరిపేట దాకా ప్రతి సావిడికీ మోటారు సైకిలు మీద తిరిగి తీసినవి అవి. ఇది మన మతమే కాదని తిట్టినవాళ్లున్నారు, మూఢనమ్మకమని నవ్వినవాళ్లున్నారు. ఎవరికీ జవాబివ్వొద్దమ్మా. షరతు ఒక్కటే. ఎవరైనా కెమెరా దించమంటే ఆ క్షణమే దించాలి.

3. ఛానల్లో అన్నిటికంటే ఎక్కువ మంది చూసిన పోయినేటి పదో రోజు వీడియోను వెంటనే తీసేయాలి. దాని సంగతి ఇది.

పదో రోజు సాయంత్రం పీర్లను కాలువకు తీసుకెళ్లి, వాటికి చుట్టిన దట్టీ గుడ్డలు విప్పి, కడిగి, పెట్టెలో పెడతాం. దట్టీ విప్పాక పీరు వెళ్లిపోయినట్టే, మిగిలేది ఇత్తడి. మళ్లీ ఏడాది ఫాతిహా చదివి పిలిచేదాకా ఎత్తకూడదు. ఇది మా ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. పోయినేడు సాగనంపే వేళకు నా ఫోను చార్జింగు అయిపోయింది. షాటు పోయింది. అందరూ వెళ్లాక కాలువ గట్టు మీద నేను తడి దట్టీలు మళ్లీ చుట్టి, అయూబ్‌ను ఎత్తమన్నాను. "వద్దన్నా, పిలవకుండా ఎత్తకూడదు" అన్నాడు. ఎత్తడం కాదు, నటించడమేనన్నాను. నా మాట కాదనలేక ఎత్తాడు.

రెండు నిమిషాలు బాగానే నడిచాడు. తర్వాత నిలబడిపోయి కెమెరాలోకి చూసి, "ఒరేయ్ బుడానూ, దించరా" అన్నాడు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ వాడు నన్ను అన్నా అనే పిలిచాడు. నేను మాత్రం కెమెరా దించలేదు. "ఇంకొక్కసారి" అన్నాను. నా గొంతు అందులో స్పష్టంగా ఉంది. ఆ ముక్క కోసేసి వీడియో పెట్టింది ఫిజా. "నాన్నా, అది బాబాయి గొంతు కాదు, కట్ చేయాలన్నా భయమేసింది" అని ఏడ్చింది.

ఆ రోజు నుంచి అయూబ్ కుడిచెయ్యి భుజం దాటి పైకి లేవదు. ఎవరితోనూ మాట్లాడడు. గుంటూరు డాక్టరు నరం అన్నాడు. నరమే అయ్యుండాలని రోజూ దువా చేస్తున్నాను.

4. కోయని వీడియో ఉన్న మెమరీ కార్డు అయూబ్‌కు చెందాలి. కాల్చినా, ఉంచినా వాడి ఇష్టం. మా నాన్న దూదేకిన విల్లు కూడా వాడికే.

5. నా వీడియోలు ఎత్తుకుని తన ఛానల్లో పెట్టుకున్న మాలిక్‌కు నా పాత ట్రైపాడ్. ఒక కాలు విరిగింది. ఎలా విరిగిందో అతనికి తెలుసు.

6. పెట్టె తాళంచెవి గుండం తవ్వే చెంచయ్యకు ఇవ్వాలి. ఈ వీలునామాను అమలు చేయాల్సిందీ అతనే. తాళంచెవి పీర్లదే, నేను దాచానంతే.

7. నేను గుండంలో పడితే లాగండి, కానీ పీరు నేల తాకకూడదు. ఎవరూ ఫోను బయటికి తీయకూడదు. స్టెంటు ఉన్నవాణ్ణి నిప్పుల మీద నడవొద్దని డాక్టరు చెప్పాడు. నాకు నిప్పుల భయం లేదు. పీరును భుజానికెత్తాక నా నోటి నుంచి ఏ గొంతు వస్తుందోననే నా భయం.

చదివి వినిపించగా సరేనని సంతకం చేశాను.

2025 జూలై 4, శుక్రవారం, చినగుంటపాలెం.

(సంతకం) నూర్‌బాషా బుడాన్

సాక్షులు:
1. దస్తావేజు లేఖరి వీరాంజనేయులు
2. నూర్‌బాషా అయూబ్ (ఎడమచేతి వేలిముద్ర)

సాక్షి సంతకాలయ్యాక చేర్చినది: పుచ్చుకునేవాడు సాక్షిగా ఉండకూడదని రైటరు గారు అభ్యంతరం చెప్పారు. దూదేకే విల్లు వద్దని అయూబ్ తల అడ్డంగా ఊపాడు, కార్డు కూడా వద్దన్నట్టు చెయ్యి తిప్పాడు. కనుక నాలుగో అంశం కొట్టివేశాను. వేలిముద్ర వేసి లేచి నిలబడి, ఏడాది తర్వాత మొదటిసారి నోరు తెరిచాడు. అన్నా అనలేదు. "ఎత్తరా బుడానూ" అన్నాడు.

(సంతకం) నూర్‌బాషా బుడాన్, అదే రోజు