శాలువా కింద చేతులు

మే 19, ఆదివారం మధ్యాహ్నం

గౌరవనీయులైన వదినగారికి,

మీ తమ్ముడి భార్య నమస్కరించి రాసుకుంటున్న సంగతులు. ఇక్కడ మేం ముగ్గురం కులాసా. అక్కడ మీరూ అన్నయ్యగారూ కులాసాగానే ఉన్నారని తలుస్తాను. మీ మేనకోడలు ఇప్పుడే పాలు తాగి, అందులో సగం నా భుజం మీద కక్కి, హాయిగా నిద్రపోయింది.

ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేంటి అనుకుంటున్నారేమో. ఫోన్ చేస్తే పొయ్యి మీద పాలు పొంగుతున్నాయంటూ పెట్టేస్తున్నారు. పూటకోసారి పాలు పొంగితే మీ వంటింటి గట్టు ఏమైపోవాలండీ. ఉత్తరమైతే మధ్యలో పెట్టెయ్యలేరు కదా.

పుస్తకాల షాపువాళ్ళిచ్చిన సెలవు అయిపోతోంది, వచ్చే నెల నేను మళ్ళీ కౌంటర్లో కూచోవాలి. పిల్లని చూసుకోడానికి వచ్చి ఉంటానని నేను కడుపుతో ఉన్నప్పుడే మాటిచ్చింది మీరు. ఇప్పుడేమో కుట్టుపని ఎక్కువగా ఉంది, ఆయాని పెట్టుకోండి అని మీ తమ్ముడితో చెప్పించారు. అది కుట్టుపని కాదని నాకు తెలుసు. మొన్న మీరు వెళ్తుంటే గుమ్మంలో నేనన్న మాట వల్లే రానంటున్నారు. ఇన్నాళ్ళున్నారు, పిల్లని ఒక్కసారి ఎత్తుకోలేదు, ముట్టుకుంటే మీ చేతులు మాసిపోతాయా అన్నాను. మీరు మెట్లు దిగిపోయారు. నా నోటి దురుసు మీకు కొత్త కాదు గానీ, అంత మాట అనకూడదు. తప్పయింది.

కానీ నా వైపు నుంచి కూడా కాస్త చూడండి. బయట తారు కరిగే ఎండ. మీరేమో ఇంట్లో శాలువా కప్పుకుని కూచున్నారు, ఎవరో ఇప్పుడే సన్మానం చేసి వెళ్ళినట్టు. ఫ్రిజ్‌లోంచి నీళ్ళు తీసిస్తే గ్లాసుని తువ్వాలుతో పట్టుకున్నారు. మా గ్లాసు శుభ్రంగా లేదనుకుంటున్నారని నేను లోపల్లోపల ఉడికిపోయాను. టీ ఇస్తే మాత్రం రెండు చేతుల్లో పెట్టుకుని చల్లారేదాకా వదల్లేదు. కాస్త పిల్లని పట్టుకోండి, స్నానం చేసొస్తానంటే, పక్కమీద పడుకోబెట్టు, నేను చూస్తుంటానన్నారు. ఇవన్నీ చూసి ఎవరైనా ఏమనుకుంటారు చెప్పండి.

మీరు వెళ్ళాక మీ తమ్ముడి దగ్గర సణిగాను. ఆయన తాపీగా, అక్క వేళ్ళకి చలి పడదు కదా, చిన్నప్పట్నుంచీ అంతే కదా అన్నారు. పెళ్ళై మూడేళ్ళయ్యాక ఇప్పుడా చెప్పేది అని ఇంతెత్తున లేచాను. నీకు తెలుసనుకున్నానన్నారు. తనకి తెలిసినవన్నీ లోకానికి తెలుసనే ఆ మనిషి నమ్మకం. చలి తగిలితే మీ వేళ్ళు సుద్దముక్కల్లా తెల్లబడిపోతాయనీ, తర్వాత నీలంగా మారి, వెచ్చబడేటప్పుడు ఎర్రబడి మండుతాయనీ చెప్పారు. చలికాలంలో ముందే జాగ్రత్తపడతారట, ఈ ఏసీల పుణ్యమా అని ఎండాకాలంలోనే అవస్థట. వింటుంటే నాకు ఏడుపొచ్చేసింది. వచ్చిన రోజు మీరు ఏసీ బస్సు దిగి, కుళాయి కింద చేతులు కడుక్కుని, పిల్ల బుగ్గ ముట్టుకున్నారు. అది ఇల్లెగిరిపోయేలా కేక పెట్టింది. అప్పట్నుంచే మీ చేతులు శాలువా కిందికి వెళ్ళిపోయాయని నాకిప్పుడు అర్థమైంది.

టీకాకి వెళ్ళినప్పుడు డాక్టరమ్మని అడిగాను. చేతులొక్కటే కప్పుకుంటే చాలదట, ఒళ్ళంతా వెచ్చగా ఉండాలట. తెల్లబడిన వేళ్ళు మొద్దుబారి ఉంటాయి కాబట్టి కాలినా తెలీదట, అందుకని గోరువెచ్చటి నీళ్ళే వాడాలట. వేళ్ళ మీద పుండ్లు పడితే మాత్రం వెంటనే చూపించుకోవాలట. మీరు ఎవరికైనా చూపించుకున్నారా లేదా అన్నది వచ్చాక తేలుస్తాను.

ఇక ఇంటి సంగతి. ఏసీ గాలి సూటిగా తగలకుండా మంచం తిప్పేశాం. రిమోటు నా అధీనంలో ఉంది, మరీ చల్లబడనివ్వడం లేదు. మీ తమ్ముడు బనీను మీద పేపరుతో విసురుకుంటూ తిరుగుతున్నారు, తిరగనివ్వండి. ఫ్రిజ్ తలుపుకి చేతితొడుగులు వేలాడదీశాను. చిన్న గుడ్డసంచుల్లో బియ్యం పోసి కుట్టాను, పెనం మీద వెచ్చచేసి చేతుల్లో పట్టుకోడానికి. మీరు టైలరు, నా కుట్టు చూసి నవ్వకండి. మొదటిది రాత్రికి రాత్రే విచ్చుకుని, పొద్దున్నే మీ తమ్ముడి చెవి పక్కనుంచి బియ్యం ఏరుకున్నాను.

ఇంకో పని కూడా చేశాను, తిట్టకండి. ఐసు ముక్కలు పట్టుకుని నా చేతులు చల్లబరుచుకుని పిల్ల పొట్ట మీద పెట్టాను. అదే కేక. కన్నతల్లినని కూడా చూడలేదు. బియ్యం సంచి పట్టుకుని చేతులు వెచ్చబడ్డాక మళ్ళీ పెడితే బోసినవ్వు నవ్వింది. దాని కోపం చలి మీద, మీ మీద కాదు.

ఆయా దొరక్క రాయడం లేదు. కింద వాటావాళ్ళు ఒకామెని చూపించారు కూడా. నాకు ఆయా వద్దు, మీరు కావాలి. పిల్లకి మేనత్త కావాలి. రాను అంటే ఆ మాట నాతోనే అనండి, తమ్ముడితో చెప్పించకండి.

అన్నయ్యగారికి నా నమస్కారాలు చెప్పండి.

ఇట్లు,
ముందు మాట్లాడేసి తర్వాత ఆలోచించుకునే
మీ మరదలు

తా.క.: ఉత్తరం మడిచి మళ్ళీ విప్పాను. ఒకటి రాయకుండా దాచాను, కేవలం కుళ్ళుతో. మీరు వెళ్ళే ముందు రోజు మధ్యాహ్నం, మీరు నిద్రలో ఉండగా, పిల్లని మీ పక్కన పడుకోబెట్టి గిన్నెలు తోముకోడానికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి శాలువా పక్కకి జరిగి మీ చెయ్యి బయట ఉంది. మీ చూపుడువేలు తెల్లగా పాలిపోయి ఉంది. దాన్ని గుప్పిట్లో బిగించి పట్టుకుని మీ మేనకోడలు నిద్రపోతోంది. ముట్టుకుని చూశాను, ఐసులా ఉంది, ఎందుకో అప్పుడు తట్టలేదు. నా చేతికి కేక పెట్టిన పిల్ల ఆవేళ మీ వేలికి చిన్న మూలుగైనా మూలగలేదు. అప్పుడు మీ మీద కోపంగా ఉన్నాను కదా, మీకు మెలకువ రాకముందే ఎత్తుకుపోదామని చూశాను. అది వదల్లేదు వదినా. దాని వేళ్ళు ఒక్కొక్కటీ నేనే విడదీశాను.